టైప్-సి కేబుళ్లన్నీ ఒకటే అనుకుంటున్నారా? మా నాన్న ఫోన్ నేర్పిన పాఠం

మొన్న సంక్రాంతికి ఊరెళ్లాను. బ్యాగ్ కింద పెట్టకముందే నాన్న అన్నారు: "ఒరేయ్, నా ఫోన్ పని అయిపోయింది. మంచిది ఒకటి చెప్పు, పండగ ఆఫర్లలో కొనేస్తా." ఆ ఫోన్ కొని ఏడాదిన్నర కూడా కాలేదు. 33 వాట్ల ఫాస్ట్ ఛార్జింగ్ ఉన్న ఫోన్, నేనే చూసి కొనిపెట్టా. ఏమైందని అడిగితే, రాత్రంతా ఛార్జింగ్ పెడితే తప్ప నిండట్లేదన్నారు. బజార్లో రిపేర్ షాపులో చూపిస్తే "బ్యాటరీ పోయింది సార్. మార్చాలంటే 1,800 అవుతుంది. దానికంటే కొత్తది కొనుక్కోవడమే బెటర్" అన్నారట.

నా బ్యాగ్‌లో ఎప్పుడూ ఒక యూఎస్‌బీ టెస్టర్ ఉంటుంది. ఛార్జర్‌కి, ఫోన్‌కి మధ్యలో అది పెట్టి చూశా. 4.6 వోల్టులు, 0.9 ఆంపులు. రెండూ గుణిస్తే 4 వాట్ల చిల్లర. ఛార్జర్ మీద 33 అని ఉంది, ఫోన్‌లోకి వెళ్తున్నది అందులో ఎనిమిదో వంతు! అప్పుడు కేబుల్ వైపు చూశా. సన్నగా, పొట్టిగా, ఎక్కడో చూసినట్టే ఉంది. అది నా ట్రిమ్మర్‌తో వచ్చిన కేబుల్.

విషయం అర్థమైంది. దసరాకి వచ్చినప్పుడు ఒక రివ్యూలో పోల్చి చూడటానికి నాన్న ఫోన్ ఒరిజినల్ కేబుల్ పట్టుకెళ్లా. "రెండూ టైప్-సినే కదా" అని దాని బదులు ఇది పెట్టేసి వెళ్లా. ఒరిజినల్ ఇంకా నా బ్యాగ్‌లోనే ఉంది. అది పెట్టగానే టెస్టర్‌లో అంకె 30 వాట్లకు దగ్గరగా వెళ్లింది. ఫోన్ తప్పు లేదు, బ్యాటరీ తప్పు లేదు. గ్యాడ్జెట్ల గురించి ఊరందరికీ చెప్పే నేనే, మా ఇంట్లో మూడు నెలలు తప్పు కేబుల్ పెట్టించా.

అందుకే ఈ ఆర్టికల్. ఒక్క ముక్కలో చెప్పాలంటే: టైప్-సి అనేది ఆకారం పేరు మాత్రమే. ఆ కేబుల్ ఎంత పవర్ మోస్తుందో, ఎంత స్పీడ్‌లో డేటా పంపుతుందో ఆ ఆకారం చెప్పదు.

ఇక్కడిదాకా ఎలా వచ్చాం?

పాత రోజుల్లో ఒక్కో కంపెనీది ఒక్కో పిన్ను. సన్న పిన్ను ఛార్జర్, లావు పిన్ను ఛార్జర్ అని అడిగి తెచ్చుకున్న రోజులు ఇంట్లో పెద్దవాళ్లకు గుర్తుంటాయి. తర్వాత ఆండ్రాయిడ్ ఫోన్లలో మైక్రో యూఎస్‌బీ వచ్చింది. ఇందులో 5 పిన్నులు. చీకట్లో తిరగేసి గుచ్చి పోర్టు పాడు చేసుకోని వాళ్లు తక్కువ. ఆపిల్ 2012లో ఐఫోన్ 5తో లైట్నింగ్ పోర్టు తెచ్చింది. ఎటు తిప్పి పెట్టినా ఎక్కేది, కానీ ఐఫోన్ వాళ్లకు మాత్రమే.

2014లో టైప్-సి స్పెసిఫికేషన్ వచ్చింది. పైన 12, కింద 12, మొత్తం 24 పిన్నులు. యూరోపియన్ యూనియన్ 2024 డిసెంబర్ 28 నుంచి తమ దగ్గర అమ్మే కొత్త ఫోన్లకు టైప్-సి తప్పనిసరి చేసింది. ఆ గడువుకు ముందే, 2023లో ఐఫోన్ 15తో ఆపిల్ కూడా దీనికే మారింది.

పోర్టుల గొడవ తీరింది కానీ అసలు తికమక ఇక్కడే మొదలైంది. పోర్టులో 24 పిన్నులకు చోటుంది. కానీ కేబుల్ లోపల అన్నిటికీ తీగలు వేయాలని రూల్ లేదు. పవర్‌కి రెండు, డేటాకి రెండు, సమాచారానికి ఒకటి వేసినా అది టైప్-సి కేబులే. డేటా తీగలు అసలు లేని ఛార్జింగ్-ఓన్లీ కేబుళ్లూ మార్కెట్లో ఉన్నాయి. బయటకు చూస్తే అన్నీ అన్నదమ్ముల్లాగే ఉంటాయి.

పవర్ ఎవరు డిసైడ్ చేస్తారు?

ఛార్జర్, కేబుల్, ఫోన్ మూడూ ఒప్పుకున్న దాంట్లో అన్నిటికంటే తక్కువదే మీకు దక్కుతుంది. 65 వాట్ల ఛార్జర్ పెట్టినంత మాత్రాన 25 వాట్ల ఫోన్ కాలిపోదు, అలాగని 65 తీసుకోదు కూడా.

ఎక్కువ కంపెనీలు వాడే పద్ధతి యూఎస్‌బీ పవర్ డెలివరీ, పీడీ అంటాం. ఇందులో ఫోన్, ఛార్జర్ ముందు సీసీ అనే పిన్ను ద్వారా మాట్లాడుకుంటాయి. ఛార్జర్ తన దగ్గర 5, 9, 15, 20 వోల్టుల్లో ఏమున్నాయో చెబుతుంది, ఫోన్ తనకు కావాల్సింది అడుగుతుంది. సరైన సి టు సి కేబుల్ ఏదైనా 3 ఆంపులు మోయాలి. 20 వోల్టులు, 3 ఆంపులు అంటే 60 వాట్లు. అంతకు మించి కావాలంటే కేబుల్ 5 ఆంపులది అయి ఉండాలి, దాని లోపల ఈ-మార్కర్ అనే చిన్న చిప్ ఉండాలి. "నేను 5 ఆంపులు మోయగలను" అని ఆ చిప్ చెబితేనే ఛార్జర్ అంత కరెంట్ వదులుతుంది. 2021లో వచ్చిన పీడీ 3.1తో ఈ లిమిట్ 240 వాట్లకు వెళ్లింది.

ఉదాహరణకు గెలాక్సీ ఎస్24 అల్ట్రా 45 వాట్ల ఛార్జింగ్ సపోర్ట్ చేస్తుంది. దానికి 45 వాట్ల ఛార్జర్ కొని మామూలు 3 ఆంపుల కేబుల్ తగిలిస్తే ఆ 45 రాదు. 5 ఆంపుల కేబుల్ కావాలి.

ఇంకో రకం ఉంది. ఒప్పో, వన్‌ప్లస్, రియల్‌మీ ఫోన్లలో వచ్చే సూపర్‌వూక్ లాంటివి కంపెనీల సొంత పద్ధతులు. వీటికి ఆ ఛార్జర్, దానికి తగిన కేబుల్ రెండూ ఉండాలి. బయటి కేబుల్ పెడితే స్పీడ్ ఢమాల్. మా నాన్న ఫోన్‌లో జరిగింది ఇలాంటిదే. సొంత పద్ధతి గుర్తుపట్టక ఛార్జింగ్ మామూలు 5 వోల్టులకు పడిపోయింది. దానికి సన్న తీగ తోడైంది.

సన్న తీగతో వచ్చే నష్టం

తీగ మందాన్ని ఏడబ్ల్యూజీ అంకెతో కొలుస్తారు. అంకె చిన్నదైతే తీగ లావు. చవక కేబుళ్లలో పవర్‌కి కూడా 28 ఏడబ్ల్యూజీ తీగే వాడేస్తుంటారు. ఒక మీటర్ కేబుల్‌లో కరెంట్ వెళ్లి రావడానికి రెండు మీటర్ల రాగి. 28 అయితే రెసిస్టెన్స్ సుమారు 0.43 ఓమ్‌లు. 2 ఆంపులు పంపితే 0.85 వోల్టులు దారిలోనే వేడిగా పోతాయి. ఛార్జర్ 5 ఇస్తే ఫోన్‌కి చేరేది 4.15. అదే 24 ఏడబ్ల్యూజీ అయితే పోయేది 0.34 మాత్రమే. వోల్టేజ్ మరీ పడిపోకుండా ఫోన్ కరెంట్ తగ్గించుకుంటుంది, ఛార్జింగ్ నత్తనడక నడుస్తుంది. 5000 ఎంఏహెచ్ బ్యాటరీలో పట్టేది దాదాపు 19 వాట్-అవర్లు. 4 వాట్ల లెక్కన కనీసం 5 గంటలు! పొడవు పెరిగితే నష్టమూ పెరుగుతుంది కాబట్టి, మంచం దాకా రావాలని 2 మీటర్ల కేబుల్ కొనేవాళ్లు మందం తప్పకుండా చూడాలి.

డేటా కథ వేరు

ఎక్కువ వాట్లు అంటే ఎక్కువ డేటా స్పీడ్ కాదు. 240 వాట్లు మోసే కేబుల్ కూడా యూఎస్‌బీ 2.0 స్పీడ్‌లోనే, అంటే సెకనుకు 480 మెగాబిట్లే పంపుతూ ఉండొచ్చు. ట్రిప్‌లో తీసిన 60 జీబీ వీడియోలు ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించాలనుకోండి. 480 మెగాబిట్ల స్పీడ్‌లో కాగితం మీద లెక్కకే దాదాపు 17 నిమిషాలు, నిజంగా ఇంకా ఎక్కువ. 10 గిగాబిట్ల స్పీడ్‌లో అదే లెక్క 48 సెకన్లు.

ఫోన్ పోర్టు కూడా సపోర్ట్ చేయాలి మరి. ఐఫోన్ 15లో ఉన్నది యూఎస్‌బీ 2 స్పీడే. 15 ప్రోలో 10 గిగాబిట్లు ఉంది, కానీ దాని బాక్స్‌లో ఇచ్చిన కేబుల్ మాత్రం యూఎస్‌బీ 2! లక్ష దాటిన ఫోన్ కొన్నా ఆ స్పీడ్ కోసం కేబుల్ విడిగా కొనాల్సిందే.

సి టు సి పెడితే ఛార్జ్ అవ్వట్లేదా?

చవక ఇయర్‌బడ్స్, చిన్న ఫ్యాన్లు, టార్చ్‌లైట్లు కొన్ని పాత వెడల్పు పిన్ను, అంటే ఎ టు సి కేబుల్‌తోనే ఛార్జ్ అవుతాయి. సి టు సి పెడితే ఉలుకూ పలుకూ ఉండదు. మీ ఛార్జర్ పాడవ్వలేదు. అవతల గ్యాడ్జెట్ ఉందని గుర్తుపట్టడానికి దాని పోర్టులో 5.1 కిలో ఓమ్‌ల రెసిస్టర్లు ఉండాలి. చిల్లర మిగులుతుందని కొందరు తయారీదారులు అవి వేయరు. అవి కనిపించకపోతే సి ఛార్జర్ కరెంటే వదలదు. కాబట్టి ఇంట్లో ఒక మంచి ఎ టు సి కేబుల్ కూడా ఉంచుకోండి.

చెత్త కేబుల్ ఎంత పని చేస్తుంది?

గూగుల్ ఇంజనీర్ బెన్సన్ లియుంగ్ 2015లో ఆన్‌లైన్‌లో దొరికే టైప్-సి కేబుళ్లను సొంతంగా కొని పరీక్షించడం మొదలుపెట్టారు. 2016 ఫిబ్రవరిలో ఒక ఎ టు సి కేబుల్ పెట్టగానే ఆయన ల్యాప్‌టాప్ టైప్-సి పోర్టులు పోయాయి. విప్పి చూస్తే పవర్ తీగ, గ్రౌండ్ తీగ తారుమారు చేసి అతికించి ఉన్నాయి. 56 కిలో ఓమ్‌ల రెసిస్టర్ ఉండాల్సిన చోట 10 కిలో ఓమ్‌లది ఉంది. అలాంటి కేబుల్ ఫోన్‌కి "3 ఆంపులు లాక్కో, పర్లేదు" అని అబద్ధం చెబుతుంది. అవతల అంత ఇవ్వలేని పోర్టు ఉంటే వేడెక్కి దెబ్బతినొచ్చు. రోడ్డు పక్క 80 రూపాయల కేబుల్‌ని రాత్రి దిండు పక్కన పెట్టేముందు ఇది గుర్తు తెచ్చుకోండి.

మరి ఏది కొనాలి?

25 నుంచి 45 వాట్ల లోపు పీడీ ఫోన్ అయితే: 60 వాట్లని రాసున్న సి టు సి చాలు. ఒక మీటర్ సరిపోతుంది.

45 వాట్ల శాంసంగ్ అయినా, ఫోన్‌కి, ల్యాప్‌టాప్‌కి ఒకే కేబుల్ కావాలన్నా: 5 ఆంపులు, ఈ-మార్కర్ ఉన్నది. ఇప్పుడు వీటి మీద 240 వాట్లని ఉంటోంది.

కంపెనీ సొంత ఫాస్ట్ ఛార్జింగ్ అయితే: బాక్స్‌లో వచ్చిన కేబులే. పోతే అదే కంపెనీది కొనండి.

వీడియోలు, ఎక్స్‌టర్నల్ ఎస్ఎస్‌డీ వాడితే: ప్యాక్ మీద 10 లేదా 20 గిగాబిట్లని స్పష్టంగా ఉండాలి. ఊరికే "హై స్పీడ్ డేటా" అంటే నమ్మొద్దు.

ప్యాక్ మీద వాట్లు గానీ ఆంపులు గానీ లేకుండా "సూపర్ ఫాస్ట్" అని మాత్రమే ఉంటే వదిలేయండి. అడాప్టర్ కొంటే బీఐఎస్ గుర్తు, ఆర్‌తో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబర్ ఉన్నాయో లేదో చూడండి.

డబ్బులు పెట్టేముందు ఒక్క పని

కేబుల్ లూజ్‌గా ఉంటే ముందు ఇంకో కేబుల్‌తో చూడండి. టైప్-సిలో పట్టి ఉంచే స్ప్రింగులు కేబుల్ మొనలోనే ఉంటాయి కాబట్టి సాధారణంగా ముందు అరిగేది అదే. అయినా లూజ్‌గానే ఉంటే పోర్టులో జేబు నూలు ఇరుక్కుందేమో టార్చ్ వేసి చూడండి. ఫోన్ స్విచాఫ్ చేసి, చెక్క టూత్‌పిక్‌తో మెల్లగా తీయండి. పిన్నీసు, సూది మాత్రం వద్దు. తడిసిందని వార్నింగ్ వస్తే ఆరేదాకా ఆగండి. బియ్యంలో పెట్టకండి, నూక, పిండి పోర్టులోకి వెళ్తాయి.

నేను తిరిగొచ్చే ముందు మా ఇంట్లో డ్రాయర్ మొత్తం బోర్లించా. తొమ్మిది టైప్-సి కేబుళ్లు తేలాయి. ఒక్కోటి టెస్టర్‌తో చూసి, తెల్ల టేప్ మీద "ఫోన్", "ల్యాప్‌టాప్", "ట్రిమ్మర్ మాత్రమే" అని రాసి అంటించా. రెండు చెత్తబుట్టలోకి పోయాయి. మీరూ ఈ ఆదివారం ఆ పని చేయండి, అరగంట కూడా పట్టదు.

నాన్న కొత్త ఫోన్ కొనలేదు. కానీ నేను బస్సెక్కేముందు నా బ్యాగ్ జిప్ తీసి చూసుకున్నారు, కేబుల్ మళ్లీ పట్టుకెళ్తున్నానేమో అని.