నెత్తిమీద తీగలు, కాగితం మీద గీతలు

1924లో జర్మనీలోని యేనాలో హాన్స్ బెర్గర్ అనే మనోవైద్యుడు మనిషి మెదడులోని కరెంటును తొలిసారి గీతలుగా రాబట్టాడు. మామూలుగా వోల్టులో పదివేలో వంతు కూడా ఉండదది. కళ్లు మూసుకుంటే సెకనుకు పదేసి అలలు, తెరిస్తే మాయం! 1929లో ప్రకటిస్తే తోటివాళ్లు నమ్మలేదు. 1934లో కేంబ్రిడ్జిలో ఎడ్గర్ ఏడ్రియన్ అవే అలలను చూపించాకే ఈఈజీకి, అంటే ఈ మెదడు గీతల పరీక్షకు, గౌరవం దక్కింది.

నాలుగేళ్లకే అది పిల్లల దగ్గరికి వెళ్లింది. అమెరికాలోని రోడ్ ఐలండ్‌లో, బ్రాడ్లీ హోమ్ అనే పిల్లల ఆసుపత్రిలో, హెర్బర్ట్ జాస్పర్ బృందం ప్రవర్తన సమస్యలున్న పిల్లల మెదడు గీతలు తీసింది. చాలామందిలో మామూలును మించిన నెమ్మది అలలు కనిపించాయి. నిలకడలేమి, అతి చురుకుతనాలకు ఇప్పుడు వాడే ఏడీహెచ్‌డీ అన్న పేరు అప్పటికింకా పుట్టలేదు.

ఈ పరీక్ష చేయడం చూడాలి. టేపుతో తల కొలిచి, పెన్సిలుతో గుర్తులు పెట్టి, జిగురులాంటి పేస్టుతో ఎలక్ట్రోడ్లు అంటిస్తారు. రెప్ప వేస్తే చాలు, గీత ఎగిరిపడుతుంది. కదలకుండా కూర్చోలేడని తెచ్చిన పిల్లాణ్ణే కదలకుండా కూర్చోమంటుంది ఈ యంత్రం!

సెకనుకు నాలుగు నుంచి ఏడు వచ్చే తీటా అలలు చిన్నపిల్లల్లో ఎక్కువ. వయసుతోపాటు తగ్గి, వేగమైన బీటా పెరుగుతుంది. ఏడీహెచ్‌డీ పిల్లల్లో తీటా ఎక్కువగా కనబడేసరికి, వీళ్ల మెదడు ఆలస్యంగా ఎదుగుతోందా అన్న ఊహ బలపడింది. దానికి గట్టి ఆధారం 2007లో ఎమ్మారై నుంచి వచ్చింది. మెదడు పైపొరలో సగభాగం గరిష్ఠ మందానికి చేరే వయసు మామూలు పిల్లల్లో 7.5 ఏళ్లయితే, వీళ్లలో 10.5 అని ఫిలిప్ షా బృందం తేల్చింది. వరస అదే, వేళే వేరు. ఆలస్యం ఎక్కువగా నుదుటి వెనక భాగంలోనే. కదలికల్ని నడిపే భాగమైతే ఒకింత ముందే ఎదిగింది.

2013లో తీటా, బీటాల నిష్పత్తి కొలిచే పరికరాన్ని డాక్టరు పరీక్షకు తోడుగా వాడవచ్చని, వైద్య పరికరాలను పరిశీలించే అమెరికా సంస్థ ఎఫ్‌డీఏ అనుమతించింది. అది తొందరపాటేనని నా అభిప్రాయం. గుంపుల సగటులో కనిపించే తేడా ఒక్కో పిల్లాడి విషయంలో నిలవదు. 2016లో అమెరికా నాడీవైద్యుల అకాడమీ కూడా ఏడీహెచ్‌డీ నిర్ధారణకు ఈ కొలతను, పరిశోధనల్లో తప్ప, వాడొద్దంది.

కాబట్టి గీతలు చూసి ఏడీహెచ్‌డీ తేల్చేస్తామనే వాళ్లకు డబ్బు పోయకండి. నిర్ధారణ ఇంట్లోనూ బళ్లోనూ పిల్లాడి తీరు గురించి అడిగి తెలుసుకునే డాక్టరు చేయాల్సింది. అయితే మాట్లాడుతూ మాట్లాడుతూ ఉన్నట్టుండి కొన్ని సెకన్లు శూన్యంలోకి చూస్తుండిపోయే పిల్లలకు డాక్టరు ఈఈజీ రాస్తే మాత్రం తప్పక తీయించండి. పరధ్యానంలా కనిపించే ఒకరకం మూర్ఛ ఉంది. దాన్ని పట్టివ్వడంలో ఈ యంత్రం ఘటికురాలు.