వార్తల్లో పదం: ఏఐ అక్షరాస్యత

కృత్రిమ మేధ ఇచ్చిన జవాబును అనుమానించడం, సరిచూసుకోవడం, సొంత వివరాలు దానికి చెప్పకపోవడం తెలిసి ఉండటమే ఏఐ అక్షరాస్యత. సీబీఎస్‌ఈ 2019లోనే తొమ్మిదో తరగతిలో ఏఐని ఐచ్ఛికాంశంగా తెచ్చింది. తరగతిలో చాట్‌బాట్లు వాడే పిల్లలకు కనీసం 13 ఏళ్లుండాలని 2023లో యునెస్కో సూచించింది.

కర్నూలు జిల్లా కోసిగిలో ఈ పాఠం ఊరి పేరుతోనే మొదలుపెట్టొచ్చు. ‘మా ఊరి గురించి చెప్పు’ అంటే, తెలంగాణలో నారాయణపేట జిల్లా కోస్గి సంగతులు కలిపేసి, తడుముకోకుండా అప్పజెప్పగలదు చాట్‌బాట్. ఆ తప్పు పట్టడానికి కోసిగి పిల్లలను మించినవాళ్లెవరు?

అయితే సుగ్గికి, అంటే వలస కూలికి పోయే అమ్మానాన్నల వెంట గుంటూరు మిరప చేలకు వెళ్లి బడి తప్పేవాళ్లూ ఇక్కడి పిల్లలే. వాళ్లకోసం పెట్టిన సీజనల్ హాస్టళ్లు సరిగ్గా నడవకపోతే ఏఐ పాఠం ఖాళీ బెంచీలకే చెప్పాలి.