తాకితే ఆగాలి... తెగినా ఆగాలి!

చూడ్డానికి చిన్న స్విచ్చి. కానీ అది లేకపోతే వేలు పోసి కొన్న యంత్రానికి తన హద్దు ఎక్కడో తెలియదు. ఇంట్లోనే చెక్కమీద పేర్లూ బొమ్మలూ చెక్కుకునే బుల్లి సీఎన్‌సీ యంత్రాలకు ఆ స్విచ్చే కాపలా. మరి ఆ కాపలాదారును ఎలా ఎంచుకోవాలి? ఎక్కడ నిలబెట్టాలి?

గృహప్రవేశం ఇంకా రెండురోజులే ఉంది. గుమ్మం పక్కన బిగించాల్సిన టేకు పలకమీద 'శ్రీనిలయం' అని చెక్కే పనిని ఇంట్లో ఉన్న చిన్న యంత్రానికి అప్పగించాడు ఆ ఇంటి కుర్రాడు. 'శ్రీ' అయింది. 'ని' అయింది. ఇంతలో టకటకటకమని ఒకటే చప్పుడు! పలకను కాస్త కుడివైపుగా బిగించడంతో, యంత్రం తలభాగం పట్టాల చివరిదాకా పోయి అంచుకు కొట్టుకుంటోంది. 'నాన్నా, ఆగట్లేదు!' అంటూ అతను ప్లగ్గు దగ్గరికి పరిగెత్తేలోపే 'ల' అక్షరం సగం వచ్చి 'ని' మీదకెక్కింది. ఖరీదైన పలక కాస్తా వంటచెరకైపోయింది.

ఇలాంటి అనుభవం హాబీగా సీఎన్‌సీ యంత్రం పెట్టుకున్నవారికి కొత్తేం కాదు. విచిత్రమేంటంటే, ఇందులో యంత్రం చేసిన తప్పేమీ లేదు. చెప్పింది చెప్పినట్టే చేసింది. చిక్కంతా అక్కడే!

కళ్లు లేని పనివాడు

సీఎన్‌సీ అంటే కంప్యూటర్ న్యూమరికల్ కంట్రోల్. అంకెల రూపంలో ఇచ్చిన ఆదేశాల ప్రకారం లోహాన్ని చెక్కే యంత్రాన్ని 1952లోనే అమెరికాలోని ఎంఐటీలో ప్రదర్శించారు. చాలా ఏళ్లు అది పెద్ద ఫ్యాక్టరీల సొత్తుగానే ఉండిపోయింది. 2009లో నార్వేకి చెందిన సిమెన్ స్వాలె స్కోగ్స్‌రూడ్ 'జీఆర్‌బీఎల్' అనే ఉచిత సాఫ్ట్‌వేర్ రాశాడు. అరచేతిలో పట్టే ఆర్డ్యునో బోర్డుతోనే ఇలాంటి యంత్రాన్ని నడిపించొచ్చని దాంతో తేలిపోయింది. ఇప్పుడు బాగా కనిపించే '3018' రకం యంత్రం పని చేయగలిగే జాగా 300 మిల్లీమీటర్ల పొడవు, 180 మిల్లీమీటర్ల వెడల్పు. అంటే మామూలు రాతపుస్తకం అంత!

వీటిలో తిరిగేవి స్టెపర్ మోటార్లు. ఒక చుట్టుకి 200 అడుగులు వేస్తాయి. 'వెయ్యి అడుగులు కుడికి' అని బోర్డు చెబుతుంది. మోటారు నిజంగా కదిలిందా, అంచుకు తగిలి అక్కడే గింజుకుంటోందా అన్నది మాత్రం బోర్డుకు తెలియదు. కళ్లకు గంతలు కట్టుకుని అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచే మనిషిలాంటిదన్నమాట. మధ్యలో నాలుగు అడుగులు తప్పితే ఆ తరవాతి లెక్కంతా తప్పే. 'ల' పోయి 'ని' మీద పడింది అందుకే.

ఒక స్విచ్చి, మూడు పనులు

పట్టాల చివర ఉండే లిమిట్ స్విచ్ ఈ గుడ్డి పనివాడికి చేతికర్ర. కంప్యూటర్ మౌస్‌ని నొక్కితే టిక్కుమంటుందే, ఇదీ ఆ జాతిదే. దీన్ని మైక్రోస్విచ్ అంటారు. దాంతో మూడు పనులు జరుగుతాయి.

మొదటిది హోమింగ్. పని మొదలెట్టేముందు తలభాగం స్విచ్చిని తాకి, కాస్త వెనక్కి వచ్చి, మళ్లీ నెమ్మదిగా తాకి 'ఇదే నా ఇల్లు' అని గుర్తు పెట్టుకుంటుంది. రెండోది హార్డ్ లిమిట్. పని మధ్యలో స్విచ్చి నొక్కుకుంటే అన్నీ ఆగిపోయి అలారం వస్తుంది. మూడోది సాఫ్ట్ లిమిట్. ఇల్లెక్కడో తెలిసింది కాబట్టి హద్దు దాటించే ఆదేశాన్ని యంత్రం ముందే కాదంటుంది. జీఆర్‌బీఎల్ సెట్టింగుల్లో 22వ నంబరు హోమింగ్‌ది, 21 హార్డ్ లిమిట్‌ది, 20 సాఫ్ట్ లిమిట్‌ది. ఈ మూడూ ఆన్‌లో ఉండుంటే ఆ టేకు పలక బతికేది.

తీగ తెగితే?

చాలామంది పొరబడేది ఇక్కడే. స్విచ్చికి మూడు కాళ్లుంటాయి. ఒకటి ఉమ్మడిది. రెండోది 'ఎన్‌వో', అంటే నొక్కితేనే కరెంటు కలుస్తుంది. మూడోది 'ఎన్‌సీ', అంటే మామూలుగా కలిసే ఉంటుంది, నొక్కితే విడిపోతుంది. ఎలా కలిపినా యంత్రం పనిచేస్తుంది కదా అనిపిస్తుంది. కానీ తేడా చాలా ఉంది.

ఎన్‌వోకి కలిపిన తీగ ఎప్పుడో తెగిందనుకోండి. యంత్రానికి ఏమీ తెలియదు. స్విచ్చి నొక్కుకున్నా కబురు అందదు. కాపలాదారు నిద్రపోయినా ఇంట్లోవాళ్లు ధీమాగా ఉన్నట్టే! అదే ఎన్‌సీ అయితే తీగ తెగిన క్షణంలోనే అలారం వస్తుంది. లిఫ్టుల్లో భద్రతా స్విచ్చులను ఇలా మామూలుగా కలిసి ఉండేలా, ఒకదాని వెనక ఒకటిగా కలిపేది ఈ కారణంతోనే. ఎక్కడ తెగినా లిఫ్టు ఆగుతుంది.

అందుకే స్విచ్చిలు మార్చేటప్పుడు ఎన్‌సీ పద్ధతే మేలు. ఒకే దిశకు రెండు చివరలా స్విచ్చులుంటే వాటిని వరసగా కలపాలి. జీఆర్‌బీఎల్‌లో 5వ సెట్టింగును మార్చితే బోర్డు ఈ తిరకాసును అర్థం చేసుకుంటుంది.

ఎవరూ తాకకుండానే అలారం!

స్విచ్చులు పెట్టిన మొదటిరోజే కొందరికి కొత్త తలనొప్పి. తలభాగం నడిమధ్యలో ఉన్నా 'హద్దు తాకింది' అంటూ యంత్రం ఆగిపోతుంది. ఇదేం దెయ్యం పని కాదు. మోటార్ల తీగల పక్కనే స్విచ్చి తీగలు వెళ్తుంటే వాటిలోకి విద్యుత్ అలజడి దూరుతుంది. బోర్డు దాన్నే స్విచ్చి సంకేతమనుకుంటుంది. చిరాకుపడి హార్డ్ లిమిట్‌నే తీసేయడం దొంగలు తలుపు తడుతున్నారని తలుపే పీకేసినట్టు.

మందు వేరే ఉంది. రెండు రకాల తీగల్నీ దూరంగా నడపాలి. స్విచ్చి తీగల్ని మెలిపెట్టాలి, లేదా షీల్డెడ్ కేబుల్ వాడి దాని పైతొడుగును ఒక్క చివరే గ్రౌండ్‌కి కలపాలి. బోర్డు దగ్గర 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టినా చాలావరకు తగ్గుతుంది.

తాకకుండా కనిపెట్టేది

చెక్కపొడి ఎక్కువగా ఉండేచోట మైక్రోస్విచ్ మీట ఇరుక్కుపోవచ్చు. అలాంటివారు ఇండక్టివ్ ప్రాక్సిమిటీ సెన్సర్‌కి మారుతుంటారు. ఇది లోహం దగ్గరికి రాగానే తాకకుండానే పసిగడుతుంది. అరుగుదల ఉండదు, చెక్కపొడి బెడద లేదు. బాగా వాడే రకం ఇనుమును 4 మిల్లీమీటర్ల దూరంలో గుర్తిస్తుంది. అల్యూమినియం అయితే ఇంకా దగ్గరికి రావాలి. కాబట్టి కదిలే భాగానికి ఓ ఇనుప బోల్టు బిగిస్తే సరి. ఒక జాగ్రత్త... ఇది 6 నుంచి 36 వోల్టుల మీద నడుస్తుంది. ఆర్డ్యునోది 5 వోల్టుల ప్రాణం. మధ్యలో ఆప్టోకప్లర్ లేకుండా నేరుగా కలిపితే బోర్డు పోయే ప్రమాదం ఉంది.

బిగించాక...

* తీగలు కలిపేటప్పుడు ప్లగ్గు తీసేయాలి.
* స్విచ్చి అడ్డుగోడ కాదు. అది నొక్కుకున్నాక కూడా తలభాగం ఆగడానికి కొన్ని మిల్లీమీటర్ల ఖాళీ మిగలాలి.
* మొదటి హోమింగ్‌కి ముందు స్విచ్చిని చేత్తో నొక్కి, తెరమీద కనిపించే అక్షరం సరైన దిశదేనా అని చూసుకోవాలి. ఆ తరవాత పవర్ స్విచ్చి మీద చెయ్యి ఉంచే హోమింగ్ చేయాలి.
* నాలుగైదుసార్లు హోమింగ్ చేసి, ప్రతిసారీ ఒకేచోట ఆగుతోందో లేదో డయల్ గేజ్‌తో కొలవాలి. తేడా వస్తుంటే స్విచ్చి బిగింపు వదులుగా ఉందేమో చూడాలి.
* హార్డ్ లిమిట్ అలారం వచ్చాక లెక్క తప్పి ఉండొచ్చు. మళ్లీ హోమింగ్ చేయకుండా పని కొనసాగించకూడదు.

అన్నిటికన్నా ముఖ్యమైనది మరొకటుంది. లిమిట్ స్విచ్ బోర్డు మాట వినే వాటినే ఆపగలదు. స్పిండిల్‌కి బదులు గోడ ప్లగ్గుకి విడిగా పెట్టిన రూటర్ వాడుతుంటే తలభాగం ఆగినా ఉలి మాత్రం తిరుగుతూనే ఉంటుంది. ఒకేచోట రాపిడికి చెక్క మాడి పొగ రావచ్చు. అందుకే మొత్తం కరెంటును ఒక్క గుద్దుతో ఆపే ఎర్రటి ఎమర్జెన్సీ మీట చేతికందే దూరంలో ఉండాల్సిందే. యంత్రం తిరుగుతున్నంతసేపూ దగ్గర ఓ పెద్దమనిషి ఉండాలి, పిల్లలు దూరంగా ఉండాలి.

మౌస్ బటన్‌లా టిక్కుమనే ఆ స్విచ్చి ఏళ్లపాటు ఏ పనీ లేకుండా ఊరికే ఉన్నట్టు కనిపించొచ్చు. కానీ అవసరమైన ఆ ఒక్క క్షణంలో అది మేలుకుని ఉందా లేదా అన్నదే లెక్క. గుమ్మం పక్కన 'శ్రీనిలయం' కుదురుగా నిలవాలన్నా, చెక్కేవాడి వేళ్లు పదిలంగా ఉండాలన్నా... ముందు దాని తీగ ఏ కాలికి ఉందో ఓసారి చూసుకోండి!