కొండపల్లెలలో నీరును, మరుగును



గృహధర్మములలో శౌచము మొదటిది. పతంజలి మహర్షి చెప్పిన నియమము లైదింటిలోను శౌచమే ముందున్నది. ఇల్లలికి, ముంగిట ముగ్గుంచి, స్నానము చేసిన పిదప గాని పొయ్యి రాజేయని యిల్లాండ్రకు ఈ మాట క్రొత్తగా చెప్పవలసిన పని లేదు. అయితే శౌచమునకు మంచిమనస్సు మాత్రము చాలదు. నీరు కావలయును, మరుగు కావలయును. ఈ రెండును లేని స్త్రీ యెంత శుచిగా నుండగోరినను ఉండజాలదు. మన పొరుగున నున్న కొండపల్లెలలో ఈ రెండు నెట్లు సమకూడినవో తెలిసికొనుట మనకు మేలు.

ఒడిశాలోని గంజాము జిల్లా మనకు దూరదేశము కాదు. 1936వ సంవత్సరమున ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమగు వరకు అది మదరాసు రాజధానిలోనిదే. బరంపురమున నేటికిని తెలుగు వినబడుచునే యున్నది. ఆ జిల్లా కొండలలో సవరలు, ఖోండులు నివసించుచున్నారు. సవరలు మన శ్రీకాకుళపు మన్యమునందును గలరు. గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో నుండి సవరభాష నేర్చి, ఆ పిల్లలకు బడులు పెట్టించిన సంగతి మీలో పెక్కుమంది యెరిగినదే.

సవరల యిండ్లను చూచినవారు వారిని మురికివా రనజాలరు. ఎఱ్ఱమన్నుతో నలికిన గోడలు, వానిపై వ్రాసిన చిత్రములు, ఊడ్చిన ముంగిళ్లు కన్నులకు చలువ నిచ్చును. పూర్వము జనము తక్కువ, అడవి దట్టము. బహిర్భూమికి అడవిలోనికి పోవుటవలన ఎవరికిని కీడు లేకుండెను. నేడు జనము పెరిగినది. అడవి వెనుకకు పోయినది. వానకాలమున ఊరిచుట్టు నున్న మలిన మంతయు కొట్టుకొని వచ్చి వాగులో కలియును. ఆ వాగునీరే కడవలతో ఇంటికి వచ్చును. దానితో విరేచనములు, కలరా, టైఫాయిడు వచ్చును. కొంకిపురుగు సంగతి మఱియు చిత్రము. దాని గ్రుడ్లు మలముతో తేమనేలపై బడి పొదుగును. పిల్లపురుగులు ఉత్తకాళ్లతో నడచువారి చర్మము గుండ దేహములో ప్రవేశించి, ప్రేవులను పట్టుకొని రక్తము పీల్చును. అసలే రక్తము చాలని గర్భిణీస్త్రీ కిది ప్రాణాంతకము కాగలదు.

స్త్రీల యితర కష్టములు వ్రాయుటకు లజ్జ కలుగును. కాని వ్రాయక తప్పదు. తెల్లవారక పూర్వమో, చీకటి పడిన పిదపనో గాని వారు వెలుపలికి పోజాలరు. పగలంతయు ఓర్చుకొనుట, అందులకై నీరు త్రాగుట మానుట, చీకటిలో పాములకును దుష్టులకును భయపడుట నిత్యకృత్యము. బహిష్టుదినములలోను, ప్రసవమైన క్రొత్తలోను ఈ బాధ యినుమడించును.

1971వ సంవత్సరమున ఒడిశాలో గొప్ప తుపాను వచ్చినప్పుడు మదరాసునుండి కొందఱు విద్యార్థులు సేవకై పోయిరి. వారికి నాయకుడు జో మడియత్ అను కేరళీయ యువకుడు. వారిలో కొందఱు అక్కడనే నిలిచి, గంజాము గిరిజనుల నడుమ పనిచేసి, 1979లో గ్రామవికాస్ అను సంస్థను స్థాపించిరి. పల్లెల రోగములకు చెడునీరును, మరుగు లేమియు ప్రధానకారణము లని గ్రహించి, 1992లో ఐదు గ్రామములలో ఒక క్రొత్త పని నారంభించిరి. తరువాత నది గిరిజనుల పల్లెలకును, ఇతరుల పల్లెలకును వ్యాపించి, వెయ్యికి మించిన గ్రామములను చేరినది.

వారి మొదటి కట్టుబాటు గమనింపదగినది. ఊరిలో ఒక్క కుటుంబమైనను ఒప్పుకొననియెడల పని మొదలుపెట్టరు. తొంబదితొమ్మిది యిండ్లవారు శుచిగా నుండి ఒక యింటివారు వెలుపలికి పోయినను, ఈగలకు, వాననీటికి ఆ భేదము తెలియదు గదా! అందుచే నెలల తరబడి ఊరివారు కూర్చుండి మాటలాడుకొనవలసి వచ్చును. ధనికుడు పేదను, పై కులమువారు తక్కువ యనబడువారిని బ్రతిమాలుకొనవలసివచ్చుట ఆ సభలలోని విశేషము. పని ముగిసినపిదప అందఱి యిండ్లకును ఒకే ట్యాంకునుండి నీరు వచ్చును. బావికడ అంటు పాటించిన యూళ్లలో ఇది చిన్న మార్పు కాదు.

రెండవది మూలధనము. కుటుంబమునకు సగటున 1000 రూపాయలు కూడవలయును. కలవారు హెచ్చుగను, లేనివారు తక్కువగను ఇత్తురు. ఆ సొమ్ము బ్యాంకులో నుండును. దానిపై వచ్చు వడ్డీతో, ముందుముందు కొడుకులు వేరుపడి కట్టుకొను క్రొత్తయిండ్లకును మరుగుదొడ్లు కట్టింతురు. రాయి, ఇసుక, కూలిపని ఊరివారివి. సిమెంటు మొదలగునవి సంస్థ తెచ్చును. కొన్నిచోట్ల స్త్రీలు తాపీపని నేర్చి మేస్త్రీలై కూలి గడించుచున్నారు.

మూడవది స్త్రీల పాలు. ఊరిసభలో ప్రతి యింటినుండియు ఒక పురుషుడును, ఒక స్త్రీయు సభ్యులు. నీటికష్టము నెత్తిన మోయువారు నోరు విప్పిననే సభకు నిజము తెలియును.

ఇంక నిర్మాణము. ప్రతి యింటికిని ఒక మరుగుదొడ్డి, ప్రక్కనే స్నానపుగది. దొడ్డివెనుక రెండు గుంటలుండును. గోడలకు రంధ్రము లుండుటచే నీరు నేలలోనికి ఇంకును. అయిదుగురు గల యింటికి ఒక గుంట నిండుటకు సుమారు 3 సంవత్సరములు పట్టును. అది నిండగానే రెండవదానికి మార్చి, మొదటిదానిని సుమారు 2 సంవత్సరములు మూసి యుంచినచో, లోనిది వాసనలేని నల్లనిమన్నై చెట్లకు ఎరు వగును. పళ్లెము క్రింది వంపులో ఎల్లప్పుడు నిలిచియుండు నీరు దుర్గంధమును, ఈగలను అడ్డగించును.

కాని యా వంపులో పోయుటకు నీరేది? లెక్క చూడుడు. మనిషికి దినమునకు 5 లీటరు లనుకొన్నను, అయిదుగురికి 25 లీటరులు. అనగా రెండు పెద్దబిందెలు. వాగునుండి కొండ యెక్కి ఆ రెండు బిందెలు తెచ్చున దెవరు? ఇంటి యాడుదియే. నీరు లేని మరుగుదొడ్డి ఆమెకు ఉపకారము కాదు, అదనపు చాకిరి. అట్టివి చాలచోట్ల కట్టెలు దాచుకొను కొట్లైపోయినవి. గ్రామవికాస్ వా రిది గుర్తించి, మరుగుదొడ్డికి, స్నానపుగదికి, వంటయింటికి వేర్వేరుగా మూడు కుళాయిలు పెట్టించిరి. కొండపై ఊట గల పల్లెలకు దానినుండి గొట్టములు దింపగా, విద్యుత్తుతో పని లేకయే నీరు పల్లమునకు వచ్చును. ఊరిలోని యిండ్లన్నియు దొడ్లు కట్టి ముగించిన పిదప గాని ఆ నీరు విడువరు. కుళాయినీటిపై నాశ సోమరుల చేతను గోడ కట్టించును!

ప్రభుత్వమువారును 2014లో స్వచ్ఛభారత్ ఆరంభించి ఇంటికి 12,000 రూపాయల చొప్పున సాయము చేసిరి. 2019లో ఇంటింటికి కుళాయి యిచ్చుటకై జలజీవన్ పథకమును స్థాపించిరి. ఈ రెండును ఒకే యింటిలో కలిసికొన్నప్పుడే ఫలము. దొడ్డి ముందు వచ్చి, నీరు ఏండ్లకు గాని రానిచోట నష్టపడునది స్త్రీయే.

కావున సోదరీమణులారా, మీ గ్రామములో గాని, మీ యెఱుకలోని గూడెములో గాని ఇట్టి పని తలపెట్టినప్పుడు, ఎన్ని దొడ్లు కట్టిరని మాత్రమే యడిగి యూరకుండకుడు. నీ రెక్కడనుండి వచ్చుననియు, కుళాయి చెడినచో బాగుచేయువా రెవరనియు, విడిచిన యిల్లేదైన గలదా యనియు, సంఘములో స్త్రీలెంద ఱనియు అడుగుడు. బియ్యము లెక్కించి, పాలు కొలిచి, ఇల్లు గడపు మనకు ఈ ప్రశ్నలు వేయుట కష్టము కాదు. వానికి సరియైన జవాబు దొరకిన పల్లెలో, ఆడుబిడ్డ చీకటికై కాచుకొనవలసిన యవసర ముండదు.