చిటికెడు రేడియేషన్ మంచిదేనా?

కాళ్లు కడుక్కుని రండర్రా, ఇసుకంతా అరుగు మీదే దులుపుతున్నారు! ఉండండుండండి, కాస్త నా అరచేతిలో వెయ్యండి. మన భీమిలి ఇసుకలో నల్లగా మెరుస్తోంది చూశారూ, అది ఇల్మెనైట్. ఆ నలుపులో వెతగ్గా వెతగ్గా తేనెరంగు గింజ ఒకటీ అరా తగులుతుంది. అది మోనజైట్. దాని కడుపులో థోరియం ఉంటుంది. పొయ్యిలో వేసిన ఉప్పుగల్లు చిటపటలాడినట్టు, థోరియం ఎప్పుడూ కంటికి కనబడని రవ్వలు చిమ్ముతూనే ఉంటుంది. దాన్నే రేడియేషన్ అంటాం. చేతులు వెనక్కి తీసుకోకు అమ్మడూ, ఒకటీ అరా గింజకు భయం లేదు.

మా చిన్నతనంలో పెళ్లి ఊరేగింపంటే నెత్తిన పెట్రోమాక్స్ లైట్లే. గాజుబుడ్డి లోపల మాంటిల్ అని చిన్న వల సంచి ఉండేది. గుడ్డ కాలిపోయినా అందులోని థోరియం బూడిద చెక్కుచెదరకుండా నిలబడి వీధంతా పట్టపగలు చేసేది. వేలు తగిలిందా, పొడిపొడే! అలాంటి మాంటిళ్ల కోసం లోకమంతా థోరియం వెతుక్కునే రోజుల్లో, 1909లో షాంబర్గ్ అనే జర్మన్ రసాయన శాస్త్రవేత్త తిరువాన్కూరు నుంచి ఓడలో వచ్చిన కొబ్బరి పీచుకు అంటిన ఇసుకలో ఈ గింజల్ని పట్టుకున్నాడు. పీచుకు అంటిన ఇసుకను మనమైతే దులిపి పారేస్తాం, ఆయన ఆగి చూశాడు. ఆ చూపంటే నాకెంత ఇష్టమో!

ఆ ఇసుక కేరళలో కొల్లం దగ్గరి చవర, కరునాగపల్లి తీరాలది. నేల నుంచీ గాలి నుంచీ ఆకాశం నుంచీ, మనం తినే అరటిపండు నుంచి కూడా, లోకంలో ఒక్కో మనిషికి సగటున ఏడాదికి 2.4 మిల్లీసీవర్టుల రేడియేషన్ తగులుతుంది. కరునాగపల్లిలో కొన్ని చోట్ల అది పది రెట్లకు పైనే. తరతరాలుగా జనం అక్కడే పుట్టి, అక్కడే వలలు అల్లుకుంటున్నారు. తిరువనంతపురంలోని ప్రాంతీయ క్యాన్సర్ కేంద్రం వాళ్లు దాదాపు 70 వేల మందిని ఏళ్ల తరబడి గమనించి 2009లో లెక్క చెప్పారు: ఆ రేడియేషన్ వల్ల అక్కడ క్యాన్సర్ పెరిగినట్టు కనబడలేదు.

ఇలాంటివి విన్నప్పుడే కొందరు శాస్త్రవేత్తలు అన్నారు, కొంచెమైతే మేలే చేస్తుందేమో అని. దానికి హార్మిసిస్ అని పేరు. మన వేరుశనగ చేను చూడండి. మొలిచాక మూడు వారాలు తడి ఇవ్వకుండా బెట్టకు వదిలితే వేరు లోతుకు దిగి, పూత ఒక్కసారిగా వస్తుంది. కొంచెం కష్టం మొక్కను గట్టిపరిచింది. అలాగే కణంలో డిఎన్ఏ పోగు తెగితే, మగ్గం మీద నేతగాడు తెగిన పోగును ముడేసినట్టు, అతికే ఏర్పాటు కణంలోనే ఉంది. చిన్న దెబ్బలు ఆ నేతగాణ్ని చురుగ్గా ఉంచుతాయని వాళ్ల వాదన.

రెండో పక్షం వాళ్లు గడ్డివామును చూపిస్తారు. వంద రవ్వలు పడితే అంటుకునే వాముకు ఒక్క రవ్వతో ముప్పు వందో వంతు, అంతే కానీ సున్నా కాదు. నేతగాడు ఒక్కోసారి తప్పు ముడి కూడా వేస్తాడు కదా! ఎక్స్‌రే తగిలిన పండ్ల ఈగల సంతానంలో మార్పులు వస్తాయని ముల్లర్ 1927లోనే చూపించాడు. ఫ్రాన్సు, బ్రిటన్, అమెరికాల్లో అణు కర్మాగారాల్లో పనిచేసిన 3 లక్షల మందికి పైగా లెక్కలు తీస్తే, ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా తగిలిన మోతాదు పెరిగేకొద్దీ క్యాన్సర్ ముప్పూ పెరిగింది.

ఇంతకాలమైనా ఎందుకు తేలలేదంటావా? క్యాన్సర్ ఎటూ ఎంతోమందికి వస్తూనే ఉంది. చెరువులో దోసెడు నీళ్లు పోసి మట్టం పెరిగిందా అని కొలవడం ఎంత కష్టం! 2005లో ఫ్రెంచి అకాడమీలు, చిన్న మోతాదులకు వాము లెక్క పనికిరాదన్నాయి. అమెరికా జాతీయ అకాడమీ మాత్రం అదే లెక్క సబబంది. ఇద్దరూ పెద్దవాళ్లే.

నా మాట అడిగితే, బెట్ట పోలిక వినడానికి ఎంత బాగున్నా రుజువు కావాలి. కరునాగపల్లి లెక్కలో క్యాన్సర్ పెరగలేదన్నారు, తగ్గిందనలేదు. ఈ రెండూ ఒకటి కావు నాయనా! ఆ తేడా మరిచినచోటే వ్యాపారం మొదలవుతుంది. బలానికని రేడియం కలిపిన నీళ్లు వెయ్యికి పైగా సీసాలు తాగిన బయర్స్ అనే అమెరికా ధనవంతుడు దవడ ఎముక పుచ్చిపోయి 1932లో చనిపోయాడు.

అలాగని డాక్టరు ఛాతీ ఎక్స్‌రే తీయించమంటే వెనకాడకండి. అది సుమారు 0.1 మిల్లీసీవర్టు, ఇంట్లో ఊరికే కూర్చున్నా రెండు వారాల్లో మనకు తగిలేంత. దానివల్ల తెలిసే జబ్బు అంతకన్నా పెద్దది. కానీ నెగటివ్ అయాన్లు వస్తాయి, ఒంటికి మంచిదని లాకెట్లు అమ్ముతున్నారే, వాటిలో కొన్నింటిని నెదర్లాండ్స్ అణుభద్రతా సంస్థ పరీక్షిస్తే రేడియేషన్ చిమ్ముతున్నాయని తేలింది. మెడలో వేసుకోవద్దని 2021లో జనానికి చెప్పింది. మీ ఇళ్లలో ఎవరి మెడలోనైనా అలాంటిది ఉంటే, ఇవాళే తీసెయ్యమనండి.