మితం లేని మితవాదం: సిరిసిల్ల సభనాటి రోజులు

రెండు ప్రపంచ యుద్ధాల మధ్య ఐరోపాలో వీచిన గాలి గురించి మన యువతకు పాఠ్యపుస్తకాల వల్ల కొంత తెలుసు. 1922లో ఇటలీ ముస్సోలినీ చేతికి పోయింది. జర్మనీలో హిట్లర్ పార్టీకి 1928 ఎన్నికల్లో నూటికి మూడు ఓట్లు కూడా రాలేదు. 1932 జూలై నాటికి అవే 37 శాతం దాటాయి. మధ్యలో వచ్చింది ఆర్థిక మాంద్యం, దాని వెంట నిరుద్యోగం, దాని వెంట భయం. ఇలాంటి రాజకీయాన్ని మన పత్రికలు మితవాదం అంటాయి. అందులో మితం ఎక్కడుందో ఎవరూ చెప్పరు.

సంఘం కూడా ఆ గాలికి ఊగింది. 1933 జూలైలో జరిగిన ప్రొటెస్టెంట్ సంఘ ఎన్నికల్లో హిట్లర్‌ను సమర్థించిన ‘జర్మన్ క్రైస్తవులు’ అనే వర్గం గెలిచింది. మరుసటి ఏడు మే నెలలో బార్మెన్‌లో కూడి, క్రీస్తు తప్ప సంఘానికి వేరే నాయకుడు లేడని ప్రకటించినవారు ఉన్నారు, నిజమే. కానీ వారు కొందరే.

ఇదంతా ఎక్కడో జరిగిన కథ అనుకోనక్కరలేదు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల అప్పట్లో నిజాం రాజ్యంలోని కరీంనగర్ జిల్లావి. 1931 లెక్కల ప్రకారం ఆ రాజ్య జనాభా కోటీ 44 లక్షలు. ముస్లింలు పదో వంతుకు కాస్త పైన. రాజు ముస్లిం, కచేరీ భాష ఉర్దూ, పెద్ద ఉద్యోగాల్లో ఎక్కువ భాగం వారివే. జనం ఓటు వేసే రోజు వస్తే ఇవన్నీ పోతాయన్న భయం చదువుకున్న ముస్లింలలో ఉండేది. 1927లో పుట్టిన మజ్లిస్‌కు 1938లో బహదూర్ యార్ జంగ్ అధ్యక్షుడయ్యాడు. గొప్ప వక్త. ఈ రాజ్యాధికారంలో ప్రతి ముస్లిం భాగస్వామి అన్నది ఆయన కాలంలో మజ్లిస్ సిద్ధాంతమైంది. పల్లెలో పటేలు ముందు చేతులు కట్టుకుని నిలబడే పేద ముస్లింకు నువ్వే రాజువి అని చెబితే ఎంత తియ్యగా ఉంటుందో ఊహించుకోండి. అతని కూలి మాత్రం అణా కూడా పెరగలేదు.

అటువైపు కూడా ఇదే తరహా. 1925లో నాగపూర్‌లో ఆర్‌ఎస్‌ఎస్‌ను స్థాపించిన హెడ్గేవార్ పూర్వీకులది మన పొరుగునున్న నిజామాబాద్ జిల్లా కందకుర్తి. హిందూ మహాసభ నాయకుడు మూంజే 1931లో రోముకు వెళ్ళి ముస్సోలినీని కలిశాడు, అక్కడి యువకుల కవాతు చూసి మెచ్చుకున్నాడు. 1938–39లో ఆర్యసమాజం, హిందూ మహాసభ నిజాం రాజ్యంలో సత్యాగ్రహం నడిపితే వేల మంది జైలుకు వెళ్ళారు. వారి ఫిర్యాదుల్లో న్యాయమైనవి చాలానే ఉన్నాయి. పూజకు, సభకు, బడికి అనుమతుల బెడద నిజమైనదే. కానీ మతం పేరుతో సాగే పోరాటంతో తమది కలిసిపోతోందని గాంధీజీ సలహా మీద స్టేట్ కాంగ్రెస్ తన సత్యాగ్రహాన్ని 1938 డిసెంబరులోనే ఆపేసింది.

ఈ పోటీలో అందరి కన్నూ పడింది దళితవాడల మీద. ఒకవైపు తబ్లీగ్, మరోవైపు శుద్ధి. తలలు లెక్కపెట్టే రాజకీయంలో మాల మాదిగలు హఠాత్తుగా అందరికీ సొంతవాళ్ళైపోయారు. మన మిషన్లు కూడా బాప్తిస్మాల సంఖ్యను ఏటేటా విదేశాలకు రాసి పంపినవే. వెట్టి ఎత్తేయాలని అంత పట్టుదలగా అడిగినవారు మూడు వైపులా తక్కువే.

అయినా ఒక సంగతి చెప్పాలి. మతాల వారీగా ప్రత్యేక నియోజకవర్గాలు పంచుతున్న 1932లో, క్రైస్తవులకు అవి వద్దని గట్టిగా వాదించినవాడు దోర్నకల్ బిషప్ అజరయ్య. దోర్నకల్ కూడా నిజాం రాజ్యంలోదే. సంఘం ఓటుబ్యాంకుగా మారితే సువార్తకే చేటని ఆయన ఆందోళన.

మరో దారి సిరిసిల్లలో కనిపించింది. 1935లో మాడపాటి హనుమంతరావు అధ్యక్షతన ఆంధ్ర మహాసభ నాలుగో సమావేశం అక్కడే జరిగింది. సభ పెట్టాలంటే సర్కారు అనుమతి కావాలి, రాజకీయం మాట్లాడకూడదు. అందుకని వారు బడుల గురించి, తెలుగు గురించి, స్త్రీ విద్య గురించి, వెట్టి గురించి మాట్లాడారు. పైకి చప్పగా కనిపించే ఈ విషయాలే నాకు ఆ కాలపు అసలు రాజకీయంగా తోస్తాయి. నీ మతమేమిటని అడగకుండా నీ ఊళ్ళో బడి ఉందా అని అడిగిన రాజకీయం అది. భూస్వాములు, వకీళ్ళ చేతుల్లోనే చాలాకాలం ఉండిపోవడం దాని బలహీనత. 1941లో చిలుకూరు సభకు రావి నారాయణరెడ్డి అధ్యక్షుడయ్యాక గాని అది రైతుకూలీల వైపు తిరగలేదు.

అప్పటికే ఆలస్యమైంది. 1939 జూలైలో నిజాం ప్రకటించిన సంస్కరణలు శాసనసభలో హిందూ ముస్లింలకు చెరి సగం ఇచ్చాయి. ఇరుపక్షాలూ తిట్టాయి. యుద్ధం రాగానే అవి అటకెక్కాయి. 1944లో బహదూర్ యార్ జంగ్ చనిపోయాడు, 1946లో మజ్లిస్ కాసిం రజ్వీ చేతికి వచ్చింది. రజాకార్ల దాడుల్లో ఊళ్ళు తగలబడ్డాయి. 1948 సెప్టెంబరులో భారత సైన్యం వచ్చాక, ఎక్కువగా మరాఠీ, కన్నడ జిల్లాల్లో, రజాకార్ల పాపాలకు మామూలు ముస్లింలు బలయ్యారు. సుందర్‌లాల్ కమిటీ ఆ మృతులను తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల వరకు అంచనా వేసింది. ఆ నివేదికను ప్రభుత్వం దశాబ్దాల పాటు బయటపెట్టలేదు.