ఆకుమందుకు ఎలుక సాక్ష్యం

'ఆకుపసరే కదా... మంచి చెయ్యకపోయినా చెడైతే చెయ్యదు!' మన ఇళ్లలో తరచూ వినిపించే మాట ఇది. అది ఎంతవరకు నిజమో తేల్చేందుకు ప్రయోగశాలలో ఓ పరీక్ష ఉంది. గుప్పెడు ఎలుకలు, కొలిచిన మోతాదు, పద్నాలుగు రోజుల కాపలా... అంతే! ఆ పరీక్ష ఏం చెబుతుందో, అంతకన్నా ముఖ్యంగా ఏం చెప్పలేదో తెలుసుకుంటే పసరు గ్లాసు ఎత్తేముందు ఒక్క క్షణం ఆగుతాం.

మొగుడంపల్లి... సంగారెడ్డి జిల్లాలో జహీరాబాద్‌కు దగ్గర్లో, కర్ణాటక సరిహద్దు వైపున ఉండే ఊరు. 2016లో కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు మండల కేంద్రమైంది. తొలకరి పడిందంటే ఈ ప్రాంతపు చేలల్లో విత్తనం వెయ్యకుండానే మొలిచే కూరలు ఎన్నో. గునుగు, తుమ్మి, దొగ్గలి, గంగవాయిలి, ఉత్తరేణి, జొన్న చెంచలి... పట్నంవాళ్ల కంటికి అవన్నీ కలుపు. ఇక్కడి ఆడవాళ్లకు మాత్రం పూటకో కూర. కొన్ని మందు కూడా. జహీరాబాద్‌ దగ్గరి పస్తాపూర్‌ కేంద్రంగా 1983లో మొదలైన దక్కన్‌ డెవలప్‌మెంట్‌ సొసైటీ మహిళా సంఘాలు ఈ సాగుచెయ్యని కూరల గొప్పతనాన్ని లోకానికి చాటాయి. 2019లో ఆ సంస్థకు ఈక్వేటర్‌ బహుమతి వచ్చింది.

ఏ ఆకును లేతగా ఉన్నప్పుడే తుంచాలి, దేన్ని ఉడికించి నీళ్లు వంపెయ్యాలి, దురద పుట్టించే దానికి చింతపండు ఎంత చేర్చాలి... ఇవన్నీ అమ్మమ్మల నుంచి వచ్చిన లెక్కలు. ఒకరకంగా చూస్తే తరతరాలుగా మనుషుల మీదే జరిగిన పరీక్ష అది. మరి అంత అనుభవం ఉండగా ఎలుకతో పనేంటి?

కూర వేరు... సారం వేరు

ప్రయోగశాలకు వెళ్లేది కూర కాదు, సారం. ఆకును నీడన ఎండబెట్టి పొడిచేస్తారు. దాన్ని నీళ్లలోనో ఆల్కహాలులోనో నానబెడతారు, లేదా సాక్స్‌లెట్‌ అనే గాజు పరికరంలో వేడిమీద మళ్లీమళ్లీ ఊరేలా చేస్తారు. వడకట్టి, ఆ ద్రవాన్ని ఆవిరి చేసేస్తే అడుగున జిగురులాంటి ముద్ద మిగులుతుంది. బోలెడంత ఆకుపొడి నుంచి వచ్చేది కాస్తంత ముద్దే. అంటే కంచంలో గరిటెడు కూరగా తినేదానికి ఎన్నోరెట్ల చిక్కదనం!

ఇంకో తిరకాసూ ఉంది. నీళ్లలో దిగని రసాయనాలు ఆల్కహాలులో దిగుతాయి. అమ్మమ్మ కాచిన కషాయంలో ఎన్నడూ లేని పదార్థం ఆల్కహాలు తీసిన సారంలో ఉండొచ్చు. అందుకే 'మా తాతల కాలం నుంచీ తింటున్నాం' అన్న మాట కూరకు సాక్ష్యం అవుతుంది కానీ, దాని నుంచి తీసిన గొట్టం మందుకు కాదు. సారానికి విడిగా పరీక్ష పెట్టాల్సిందే.

పద్నాలుగు రోజుల కాపలా

ఆ పరీక్షల్లో మొట్టమొదటిది 'నోటిద్వారా ఇచ్చే ఒక్క మోతాదు విషప్రభావ పరీక్ష'. ప్రపంచంలో ఎక్కువ ప్రయోగశాలలు ఓఈసీడీ అనే అంతర్జాతీయ సంస్థ రూపొందించిన పద్ధతులనే పాటిస్తాయి. మన ఫార్మసీ కళాశాలల్లో మొక్కల మీద పరిశోధన చేసే విద్యార్థులకు అందులోని 423వ నంబరు పద్ధతి కంఠతా వస్తుంది.

ఎనిమిది నుంచి పన్నెండు వారాల వయసున్న ఆడ ఎలుకలను ఎంచుకుంటారు. విషానికి సాధారణంగా మగవాటికన్నా అవే కాస్త త్వరగా స్పందిస్తాయి. గదిలో వేడి 22 డిగ్రీల దగ్గర, పన్నెండు గంటలు వెలుతురు, పన్నెండు గంటలు చీకటి. ముందురోజు రాత్రి మేత ఆపేస్తారు, నీళ్లు మాత్రం ఉంచుతారు. తెల్లారి తూకం వేసి, సన్నటి గొట్టంతో సారాన్ని నేరుగా పొట్టలోకి పంపిస్తారు. ఎలుక వాంతి చేసుకోలేదు! మింగింది మింగినట్టే లోపల ఉండిపోతుంది.

మోతాదుకు నాలుగు మెట్లు ఉంటాయి. శరీర బరువు కిలోకు 5, 50, 300, 2000 మిల్లీగ్రాములు. ముందుగా ఏ వివరమూ తెలియని పదార్థమైతే 300తో మొదలుపెట్టడం మంచిదంటారు. మెట్టుకు మూడేసి ఎలుకలు. రెండో మూడో చనిపోతే కింది మెట్టుకు దిగుతారు. ఒకటి చనిపోయినా, ఏదీ చనిపోకపోయినా అదే మోతాదును మరో మూడింటికి ఇచ్చి చూసి, ఆపైన పై మెట్టు ఎక్కుతారు.

అసలు పని ఆ తర్వాతే. మొదటి అరగంటలో ఒకసారైనా చూడాలి. మొదటి నాలుగు గంటలు కన్ను తిప్పకూడదు. ఆపైన పద్నాలుగు రోజులపాటు రోజూ గమనించాలి. వణుకుతోందా, ఫిట్స్‌ వచ్చాయా, చొల్లు కారుస్తోందా, విరేచనాలా, మగతగా పడుందా, బొచ్చు లేచి నిలబడిందా, కళ్ల రంగు మారిందా... అన్నీ పుస్తకంలోకి ఎక్కాలి. వారానికోసారి తూకం. తీరని బాధ పడుతున్న ఎలుకను అలా వదిలెయ్యకుండా నొప్పి తెలియని పద్ధతిలో ప్రాణం తీసెయ్యాలి. బతికినవాటినీ చివరిరోజున అలాగే చంపి, కోసి కాలేయం, మూత్రపిండాలు, గుండె, పొట్ట ఎలా ఉన్నాయో చూస్తారు. అంటే పరీక్షలో నెగ్గినా ఎలుకకు మాత్రం బతుకు లేదు.

అరవై ఎలుకల నుంచి ఆరుకు...

ఈ పరీక్షకు వందేళ్ల చరిత్ర ఉంది. 1927లో బ్రిటిష్‌ శాస్త్రవేత్త జె.డబ్ల్యు.ట్రెవన్‌ ఓ కొలమానం తెచ్చాడు. పరీక్షకు పెట్టిన జంతువుల్లో సగం చనిపోయే మోతాదు ఎంత అన్నది ఆ లెక్క. అదే 'ఎల్‌డీ 50'. గుండెజబ్బుకు వాడే డిజిటాలిస్‌ ఆకు మందు, ఇన్సులిన్‌లాంటి వాటి బలం ఒక్కో తయారీలో ఒక్కోలా ఉండేది. ఆ తేడాను కొలవడానికే పుట్టింది. పోనుపోను ప్రతి రసాయనానికీ ఇదే కొలబద్ద అయింది. ఒక్క అంకె కోసం పదులకొద్దీ జంతువులు బలయ్యేవి.

1959లో రస్సెల్‌, బర్చ్‌ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఓ పుస్తకంలో మూడు సూత్రాలు చెప్పారు. వీలైతే జంతువు లేకుండా చెయ్యండి, తప్పకపోతే సంఖ్య తగ్గించండి, ఆ కాసిన్నింటికీ బాధ తగ్గించండి అని. ఆ ఆలోచన ఊపందుకోవడానికి చాలా ఏళ్లు పట్టింది. చివరికి పాత ఎల్‌డీ 50 పద్ధతిని ఓఈసీడీ 2002 డిసెంబరులో తన జాబితా నుంచి తీసేసింది. కచ్చితమైన అంకె అక్కర్లేదు, ఏ తరగతి విషమో తెలిస్తే చాలన్నది కొత్త పద్ధతుల సారాంశం. ప్రమాదం లేదనుకునే సారానికి 2000 మెట్టు దగ్గరే ఆరు ఎలుకలతో పరీక్ష ముగిసిపోతుంది.

మన దేశంలో 1998 నాటి నిబంధనల ప్రకారం జంతువులపై ప్రయోగాలు చేసే ప్రతి సంస్థా కేంద్ర కమిటీ దగ్గర నమోదు కావాలి. సంస్థలోని నైతిక విలువల కమిటీ ఒప్పుకుంటేనే ఎలుక మీద చెయ్యి వెయ్యాలి. ఎన్ని కావాలి, ఎందుకు కావాలి, అవి లేకుండా కుదరదా అన్న ప్రశ్నలకు జవాబు రాసివ్వాలి.

ఎలుకల సంగతొస్తే హైదరాబాద్‌ను చెప్పుకోవాలి. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరులో రాబర్ట్‌ మెకారిసన్‌ చేతుల్లో చిన్న గదిలో పుట్టింది. దేశంలోని వేర్వేరు ప్రాంతాలవాళ్లు తినే తిండిని ఎలుకలకు పెట్టి ఏది బలమో చూసిన మనిషాయన. 1958లో ఆ సంస్థ హైదరాబాద్‌కు తరలివచ్చింది. 1920ల నుంచి తరం తప్పకుండా పెంచుకొస్తున్న విస్టార్‌ జాతి ఎలుకల సంతతికి ఈ సంస్థ పేరే కలిసి 'విస్టార్‌ ఎన్‌ఐఎన్‌' అయింది.

2000 దాటితే చాలా?

'కిలోకు 2000 మిల్లీగ్రాములు ఇచ్చినా ఒక్క ఎలుకా చావలేదు, కాబట్టి ఈ మొక్క పూర్తిగా సురక్షితం.' మూలికల ప్రకటనల్లో ఇలాంటి మాటలు కనిపిస్తుంటాయి. మొదటి సగం నిజమే కావచ్చు. 'కాబట్టి' దగ్గరే తప్పటడుగు.

ఉప్పునే తీసుకోండి. ఎలుకల్లో దాని ఎల్‌డీ 50 కిలోకు దాదాపు 3000 మిల్లీగ్రాములు. అంటే ఈ పరీక్షలో ఉప్పు కూడా 2000 మెట్టు దాటేస్తుంది. అంతమాత్రాన బీపీ ఉన్న నాన్నకు ఊరగాయ జాడీ ముందు పెట్టేస్తామా?

లెక్క కూడా జాగ్రత్తగా వెయ్యాలి. రెండువందల గ్రాముల ఎలుకకు 2000 మెట్టు అంటే 400 మిల్లీగ్రాములు. అరవై కిలోల మనిషికి అదే చొప్పున 120 గ్రాములు అనుకోకూడదు. చిన్న జంతువుల శరీరం మందును వేగంగా ఖర్చు చేసేస్తుంది. అందుకే ఎలుక మోతాదును సుమారు ఆరుతో భాగించాలి. అప్పుడు వచ్చేది 19 గ్రాముల దగ్గర. అదీ తినదగిన మోతాదు కాదు, ఒక్కసారి ఇస్తే ఎలుకలు చావని మోతాదు మాత్రమే! మనిషికి ఎంత ఇవ్వొచ్చో తేల్చాలంటే 28 రోజులు, 90 రోజులు రోజూ మందిచ్చే పరీక్షలు జరగాలి. ఏ హానీ కనిపించని మోతాదును పట్టుకుని, దానికీ పదోవంతో ఇంకా తక్కువో చేసి మొదలుపెట్టాలి.

నెమ్మదిగా చంపేవి

ఒక్కరోజు మోతాదులో దొరకని దొంగలు మొక్కల్లో చాలానే ఉన్నాయి.

1990ల ఆరంభంలో బెల్జియంలో సన్నబడటానికి మూలికల గొట్టాలు వాడిన సుమారు వందమంది మహిళల మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. ఆరాతీస్తే ఒక చైనా మూలికకు బదులు అరిస్టలోకియా అనే మొక్క వేరు కలిసిందని తేలింది. అందులోని ఆమ్లం మూత్రపిండాలను పాడుచెయ్యడమే కాదు, క్యాన్సర్‌నూ తెస్తుంది. ఆ జాతి మొక్క మన చేలల్లోనూ ఉంది. పేరు గాడిదగడపాకు! పల్లెవైద్యంలో వాడకం ఉన్నదే.

1970లలో ఇప్పటి ఛత్తీస్‌గఢ్‌లోని సర్గుజా ప్రాంతంలో పొట్టలు ఉబ్బి మనుషులు చనిపోయారు. కారణం వాళ్లు తిన్న సామలు కాదు... సామల్లో కలిసిపోయిన, జనుము జాతికి చెందిన ఓ కలుపు మొక్క గింజలు. వాటిలోని విషం కాలేయంలోని రక్తనాళాలను మూసేసింది. చిరుధాన్యాలు పండే జహీరాబాద్‌లాంటి ప్రాంతాలకు ఇది గుర్తుంచుకోదగ్గ పాఠం. గింజ మంచిదే, చెరిగి ఏరి శుభ్రం చెయ్యడంలోనే ఉంది అంతా.

కేసరిపప్పు కథ మరీ విచిత్రం. నెలల తరబడి అదే ప్రధాన ఆహారమైతే కాళ్లు చచ్చుబడిపోతాయి. దానికి కారణమైన పదార్థాన్ని 1964లో వేరుచేసిన శాస్త్రవేత్తల్లో ఎస్‌.ఎల్‌.ఎన్‌.రావు ఒకరు. ఆయన తర్వాత ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పనిచేశారు. చిత్రమేమిటంటే ఆ విషం కోడిపిల్లల మీద పనిచేసింది కానీ ఎదిగిన ఎలుకలు దాన్ని చాలావరకు తట్టుకున్నాయి. ఎలుక సాక్ష్యం ఒక్కటే నమ్ముకుంటే ఏమయ్యేదో ఊహించుకోవచ్చు.

ఇక తిప్పతీగ. కరోనా రోజుల్లో దాన్ని దాటి వెళ్లిన ఇల్లు తక్కువ. 2021లో ముంబయి వైద్యులు తిప్పతీగ వాడినవారిలో ఆరుగురికి కాలేయం దెబ్బతిన్నట్టు ఓ పత్రికలో రాశారు. మొక్కను సరిగా గుర్తించకుండా తీగను తప్పుపట్టడం సరికాదంది ఆయుష్‌ మంత్రిత్వశాఖ. అచ్చం అలాగే ఉండే వేరే జాతి తీగ హాని చెయ్యొచ్చనీ చెప్పింది. 2022లో దేశంలోని పలు ఆసుపత్రుల వైద్యులు కలిసి మరిన్ని కేసులు ప్రచురించారు. వాదన ఎటు తేలినా మనకు పనికొచ్చే విషయాలు రెండు. తీగను సరిగ్గా పోల్చుకోవడం ముఖ్యం. కొందరి శరీరతత్వానికి పడని మందు ఆరు ఎలుకల పరీక్షలో బయటపడదు.

చట్టం మాటేంటి?

ప్రామాణిక ఆయుర్వేద గ్రంథాల్లో ఉన్న మందును అదే పద్ధతిలో తయారుచేస్తే కొత్తగా విషపరీక్ష అక్కర్లేదని 2010లో వచ్చిన నిబంధన చెబుతోంది. అలాగని ఆయుర్వేదం విషాన్ని పట్టించుకోదనుకుంటే పొరపాటు. జిల్లేడు, ఉమ్మెత్త, గురివింద, గన్నేరు, నేపాళం, వత్సనాభి, విషముష్టి... ఇవన్నీ మన ఔషధ చట్టంలోని విషద్రవ్యాల పట్టికలో ఉన్నవే. శుద్ధి చెయ్యకుండా వాడకూడదని శాస్త్రమే చెప్పింది.

2021 మేలో నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో ఆనందయ్య మందు కోసం జనం కిలోమీటర్ల కొద్దీ బారులు తీరినప్పుడు ఈ ప్రశ్నలన్నీ ఒక్కసారిగా ముందుకొచ్చాయి. పంపిణీ ఆపి, ఆయుర్వేద పరిశోధన మండలితో పరిశీలన చేయించిన రాష్ట్ర ప్రభుత్వం మే 31న నోటితో తీసుకునే కొన్ని మందులకు అనుమతిచ్చింది. కంట్లో వేసే చుక్కలను మాత్రం నివేదికలు రాలేదని ఆపింది. హాని లేదనడం వేరు, జబ్బు తగ్గిస్తుందనడం వేరు అన్న తేడా అప్పుడే చాలామందికి అర్థమైంది.

ఎలుకల అవసరం కూడా మెల్లగా తగ్గుతోంది. 2023 మార్చిలో కేంద్రం కొత్త మందుల నిబంధనలను సవరించింది. కణాలు, చిన్న అవయవ నమూనాలు, కంప్యూటర్‌ లెక్కలతో చేసే పరీక్షలకూ అందులో చోటిచ్చింది.

పసరు తాగేముందు...

* మొక్క పేరు ఒక్కటే చాలదు. ఒకే పేరుతో ఊరికో మొక్క ఉంటుంది. తెలిసినవాళ్లు గుర్తుపట్టాకే వాడాలి.
* కూరగా తినే ఆకును చిక్కటి రసంగానో, గొట్టంగానో నెలల తరబడి తీసుకోవద్దు.
* గర్భిణులు, పాలిచ్చే తల్లులు, పసిపిల్లలు, కాలేయం లేదా మూత్రపిండాల జబ్బున్నవారు సొంత వైద్యం జోలికి పోకూడదు.
* షుగరు, బీపీ, రక్తం పలచబడే మందులు వాడేవారు ఏ మూలిక తీసుకుంటున్నదీ డాక్టరుకు దాచకుండా చెప్పాలి.
* కళ్లు పచ్చబడటం, మూత్రం ముదురురంగులోకి మారడం, ఆకలి చచ్చిపోవడం, కాళ్లవాపు... ఇలాంటివి కనిపిస్తే మందు వెంటనే ఆపేసి ఆసుపత్రికి వెళ్లాలి. వాడిన ఆకునో, సీసానో వెంట తీసుకెళ్తే వైద్యుడి పని సగం తేలికవుతుంది.